థ్రాటిల్ మాట రైలు వినకపోతే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు సమయం చాలక వదిలేసిన ఒకటి రెండు వివరాలు ఇక్కడ చేర్చాను.)



నాది 1986 పదో తరగతి బ్యాచ్. కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చేవాణ్ణి. మా నాన్న డీజిల్ ఇంజను డ్రైవరు. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుని, చాలా ఏళ్ళుగా అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. మన కార్యదర్శి గారు ఫోన్ చేసి "నీ ఉద్యోగం గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నా ఉద్యోగం గురించి చెబితే నాలుగో మాటకే అందరూ భోజనాల వైపు చూస్తారు. అందుకని నా ఆట గురించి చెబుతాను. ఆ ఆట ఈ బల్ల మీద ఉంది.

ఇది ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్ల. మన ఊరి వడ్రంగే చేశాడు. పట్టాలు, రెండు ఇంజన్లు, మిగతా సామాను నా సూట్‌కేసులో వచ్చాయి. దీన్ని హెచ్.ఓ. స్కేలు అంటారు. అసలు రైలుని 87 వంతులు చేస్తే అందులో ఒక వంతు. అమెరికాలో పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు, ఇక్కడ 16.5. ఈ రోజు నుంచి ఇది మన ఫిజిక్స్ ల్యాబుది.

ఈ ఉదయం దీన్ని నడిపి చూద్దామని తొమ్మిదో తరగతి బాబు ఒకడి చేతికి థ్రాటిల్ ఇచ్చాను. థ్రాటిల్ అంటే ఈ చేతి పెట్టె. గుండ్రటి మీట తిప్పితే రైలు వేగం మారుతుంది. రైలు సగం చుట్టు తిరిగి, సరిగ్గా ఆ మూల మలుపు దగ్గర ఆగిపోయింది. వెంటనే మాలో ఒకరు "వీడేదో నొక్కేశాడు" అన్నారు. ఆ బాబు ముఖం మాడిపోయింది, థ్రాటిల్ బల్ల మీద పెట్టేసి వెనక్కి జరిగాడు. అన్నది నా చిన్ననాటి మిత్రుడే, కోపంతో కూడా కాదు. కానీ ఆ మాట వినగానే నాకు నేను చేసిన పని ఒకటి గుర్తొచ్చింది. ఈ రోజు ఏం మాట్లాడాలో అప్పుడే తేల్చుకున్నాను.

ముందు ఈ రైలు ఎట్లా నడుస్తుందో చెప్పాలి. మన చిన్నప్పటి బొమ్మ రైలుకి పట్టాల్లో ఎంత వోల్టేజి పంపితే అంత వేగం. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి, కలిసే ఆగుతాయి. ఇప్పటి పద్ధతి వేరు. దీన్ని డి.సి.సి. అంటారు, డిజిటల్ కమాండ్ కంట్రోల్. జర్మనీలో లెంజ్ అనే సంస్థ చేసిన పద్ధతి ఆధారంగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దీన్ని ప్రమాణంగా చేసింది. ఇందులో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది, హెచ్.ఓ. రైలుకి సుమారు 14, 15 వోల్టులు. ఆ కరెంటు దిశ అటూ ఇటూ మారుతూ ఉంటుంది. మార్పుకీ మార్పుకీ మధ్య 58 మైక్రోసెకన్లు ఉంటే అది 'ఒకటి'. దాదాపు 100 మైక్రోసెకన్లు ఉంటే అది 'సున్నా'. ఆ ఒకట్లు, సున్నాలతోనే ఆజ్ఞలు వెళ్తాయి. అంటే ఇంజనుకు తిండి పెట్టే తీగే ఉత్తరం కూడా అందిస్తుందన్నమాట.

మన క్లాసులో హాజరు పిలవడం గుర్తు తెచ్చుకోండి. సార్ "17" అంటే అందరికీ వినబడుతుంది, లేచేది మాత్రం 17వ నంబరు వాడే. ప్రతి ఇంజను లోపల డీకోడర్ అనే చిన్న ముక్క ఉంటుంది. దానికో నంబరు ఉంటుంది. "3వ నంబరు, ముందుకి, ఇంత వేగం" అన్న ఆజ్ఞ అన్ని ఇంజన్లకూ వినిపిస్తుంది, 3వ నంబరుది మాత్రమే కదులుతుంది. ఆజ్ఞ చివర సరిచూసుకోవడానికి ఒక అంకె ఉంటుంది. లెక్క కుదరకపోతే డీకోడర్ ఆ ఆజ్ఞను పట్టించుకోదు. అందుకే పంపే యంత్రం అదే ఆజ్ఞను మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది.

హాజరుకీ దీనికీ ఒక తేడా ఉంది. ఈ మామూలు ఏర్పాటులో ఇంజను "ప్రెజెంట్ సార్" అని బదులు చెప్పదు. థ్రాటిల్ తెర మీద 40 కనిపిస్తే అది మనం అడిగిన వేగం మాత్రమే. రైలు ఆ వేగంతో పోతోందని ఆ తెరకు తెలియదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం తికమకలు తీరతాయి.

ఇక థ్రాటిల్ నుంచి ఆజ్ఞ వెళ్ళే దారి చూడండి. థ్రాటిల్, దాని కేబుల్, కమాండ్ స్టేషన్ అనే పెట్టె, ఆ సిగ్నల్‌కి బలమిచ్చే బూస్టర్, బల్ల కింది తీగలు, పట్టా, చక్రం, డీకోడర్, చివరికి మోటారు. తొమ్మిది మెట్లు. రైలు మాట వినలేదంటే ఈ తొమ్మిదిలో ఎక్కడో తెగింది. అన్నీ విప్పదీస్తే కొత్తగా ఇంకో రెండు లోపాలు తయారవుతాయి. విప్పకుండా ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఒక ఇంజనా, అన్ని ఇంజన్లా? రెండోది: ఒకే చోటా, అన్ని చోట్లా? మూడోది: ఒకే థ్రాటిలా, ఏ థ్రాటిలైనా ఇంతేనా? నాలుగోది: ఇంజను లైటు మాట వింటోందా?

ఉదయం మేము ఇవే ప్రశ్నలు వేశాం. రెండో ఇంజను పెట్టాం, అదీ అదే మలుపులో ఆగింది. అంటే ఇంజను తప్పు కాదు. ఆగిన చోట లైటు కూడా ఆరిపోయింది. అంటే ఆజ్ఞే కాదు, కరెంటే అందడం లేదు. వేలితో రెండంగుళాలు ముందుకు తోస్తే మళ్ళీ నడిచింది. కాబట్టి థ్రాటిల్ బాగానే ఉంది, పట్టుకున్న బాబూ బాగానే ఉన్నాడు. పట్టా మీద వేలు పెట్టి చూస్తే ఎర్రగా అంటింది. కుంకుమ! పొద్దున మనవాళ్ళు కొత్త రైలుకి పూజ చేసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కుంకుమా కొబ్బరినీళ్ళూ కలిసి ఆ మలుపులో పట్టా మీద ఎండిపోయాయి. చక్రం పట్టాకి తగిలే చోటు సూదిమొనంత ఉంటుంది, అక్కడ ఆ పొర చాలు. కరెంటు ఆపేసి, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టాలూ, ఇంజను చక్రాలూ తుడిచాం. చక్రాలు తుడవకపోతే అవే ఆ మురికిని బల్లంతా పూస్తాయి. పిల్లలూ, అది మండే ద్రవం. కిటికీలు తీసి, మీ సార్ పక్కన ఉన్నప్పుడే వాడండి. పూజ మానమని అనను, బొట్టు బల్లకి పెట్టండి.

ల్యాబు పుస్తకంలోకి పనికొచ్చే సంగతులు ఇంకొన్ని చెబుతాను.

రైలు మూల దాకా బాగా పోయి, స్టేషనుకి దూరమయ్యే కొద్దీ నీరసిస్తే తీగ మందం చూడండి. ఇది మీ పాఠంలోని ఓం నియమమే. 15 మీటర్ల దూరానికి రానూ పోనూ 30 మీటర్ల రాగి తీగ. అర చదరపు మిల్లీమీటరు తీగైతే దాని నిరోధం సుమారు ఒక ఓమ్. మూడు ఆంపియర్లు పోతే మూడు వోల్టులు దారిలోనే ఖర్చయిపోతాయి. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగైతే 0.6 వోల్టే పోతుంది.

తీగలు సరిపోయాయో లేదో చూడటానికి బిళ్ళ పరీక్ష ఉంది. రెండు రూపాయల బిళ్ళను రెండు పట్టాలకూ తగిలేట్టు అడ్డంగా పెట్టండి. బూస్టర్ వెంటనే కరెంటు ఆపేయాలి, బిళ్ళ తీయగానే మళ్ళీ ఇవ్వాలి. బల్ల మీద ఏ మూల పెట్టినా ఇట్లాగే జరగాలి. ఎక్కడైనా ఆపలేదంటే అక్కడికి వెళ్ళే తీగ సన్నంగా ఉందనో, అతుకు వదులుగా ఉందనో అర్థం. ఇది ఈ తక్కువ వోల్టేజి పట్టాల మీద చేసే పరీక్ష మాత్రమే. గోడ ప్లగ్గు జోలికి ఎవరూ పోకూడదు.

వేగం పెంచుతుంటే ఇంజను లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే బల్బు మార్చకండి. థ్రాటిల్ 28 మెట్ల లెక్కలో వేగం చెబుతోంది, డీకోడర్ 14 మెట్ల లెక్కలో వింటోంది. పాత లెక్కలో లైటుకి వాడిన స్థానాన్నే కొత్త లెక్కలో వేగానికి వాడుతారు, అందుకే ఆ తికమక. డీకోడర్‌లో సి.వి. 29 అనే గడిలో దాన్ని సరిచేయాలి.

రెండు ఇంజన్లు ఒకేసారి కదిలితే రెండింటి నంబరూ ఒకటే అయ్యుంటుంది. కొత్త డీకోడర్లన్నీ 3వ నంబరుతోనే వస్తాయి.

లైటు మాట వింటుంది, రైలు మాత్రం కదలదు. ఇది అందరినీ ఏడిపించే లోపం. లైటు విందంటే ఆజ్ఞ చేరుతోంది, చక్రం బాగుంది, పట్టా బాగుంది. అప్పుడు సి.వి. 19 చూడండి. ఎప్పుడో ఈ ఇంజనుని ఇంకో ఇంజనుతో జత కట్టి, విడదీయడం మరిచిపోయారన్నమాట. జతలో ఉన్నంతకాలం అది తన సొంత నంబరుకి వచ్చే వేగం ఆజ్ఞను పట్టించుకోదు, లైటు ఆజ్ఞను మాత్రం వింటుంది. అక్కడ సున్నా రాస్తే మళ్ళీ మనది అవుతుంది. సి.వి. 19 సున్నాయే అయితే అప్పుడు మోటారు వైపు వెళ్ళండి.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను.

నేనుండే ఊళ్ళో ఒక రైలు క్లబ్బు ఉంది. పెద్ద హాల్లో గోడల వెంబడి పట్టాలు, గుండె ఎత్తున బల్లలు. బల్లల అంచుకి అక్కడక్కడా సాకెట్లు ఉంటాయి. థ్రాటిల్ కేబుల్ ఒకచోట పీకి, రైలుతో పాటు నడిచి, ఇంకోచోట గుచ్చుకోవచ్చు. పీకిన ఆ కాసేపు రైలు ఆగదు. కమాండ్ స్టేషన్ చివరి ఆజ్ఞనే పంపుతూ ఉంటుంది. అది సౌకర్యం కోసం చేసిన ఏర్పాటు.

ఆ క్లబ్బులో ఒక పెద్దాయన ఉండేవారు. నిజం గూడ్సు రైళ్ళు నడిపి రిటైరైన మనిషి. అమెరికాలో రైలు నడిపే మనిషిని ఇంజనీర్ అంటారు. ఆ లెక్కన మా ఇంట్లో మొదటి ఇంజనీరు నేను కాదు, మా నాన్న. పెద్దాయనకు మోకాళ్ళ నొప్పులు. ఆయన ఒక్కరే కుర్చీలో కూర్చుని నడిపేవారు. మేమంతా నిలబడి నడిపేవాళ్ళం.

ఒక శనివారం ఆయన రైలు ఆగాల్సిన చోట ఆగలేదు. లూప్‌లో నిలబడి ఉన్న బండిని వెనకనుంచి గుద్దింది. ఒక సభ్యుడు రెండేళ్ళు కష్టపడి కట్టుకున్న ఇత్తడి ఇంజను బల్ల మీంచి సిమెంటు నేల మీద పడింది. అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన అన్నది ఒక్కటే: "సున్నా చేశాను. బండి వినలేదు." నేను ఆయన చేతిలోంచి థ్రాటిల్ తీసుకుని, నిలబడి, తిప్పి చూశాను. రైలు చక్కగా విన్నది. "చూశారా, బాగానే ఉంది" అన్నాను. అంతకు ముందు వారం కూడా ఆయన రైలు ఒకసారి ఇట్లాగే ముందుకు పోయింది. ఆయన వయసు 80 దాటింది. ఇంకేం కావాలి? క్లబ్బులో ఎలక్ట్రానిక్స్ తెలిసినవాణ్ణి నేనే కాబట్టి తీర్పు కూడా నేనే చెప్పాను. "ఇకనుంచి మీరు హాయిగా చూస్తూ కూర్చోండి, మేం నడుపుతాం" అన్నాను. చాలా మర్యాదగానే అన్నాను. ఆయన కోటు వేసుకుని వెళ్ళిపోయారు.

మూడు వారాల తర్వాత ఆ సాకెట్ కిందే బల్లకి ఒక మేకు ఊడితే బిగిద్దామని ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. ఒళ్ళో అదే థ్రాటిల్, అదే కేబుల్. ఎదురుగా వస్తున్న రైలుని ఆపుదామని మీట సున్నాకి తిప్పాను. రైలు ఆగలేదు. లేచి నిలబడ్డాను. ఆగింది. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ వినలేదు.

అప్పుడు మొదలుపెట్టాను, మూడు వారాల కింద చేయాల్సిన పని. ఒకసారికి ఒక్కటే మార్చాలి. థ్రాటిల్ మార్చాను, లోపం అట్లాగే ఉంది. పాత థ్రాటిల్ పెట్టి కేబుల్ మార్చాను, లోపం పోయింది. అక్కడితో ఆగకూడదు. పాత కేబుల్ మళ్ళీ పెట్టి చూశాను, లోపం తిరిగొచ్చింది. అప్పుడే అది రుజువు. మల్టీమీటరు పెట్టి ప్లగ్గు దగ్గర కేబుల్ని వంచి చూశాను. అది ఆరు తీగల చదును కేబుల్, టెలిఫోన్‌కి ఉండేలాంటి ప్లగ్గు. ఆరింటిలో సమాచారం తీసుకెళ్ళే తీగ ఒకటి ప్లగ్గు చివరిదాకా చేరలేదు. నిలబడి పట్టుకుంటే కేబుల్ వదులుగా ఉంటుంది, తీగ తగులుతుంది. కూర్చుంటే కేబుల్ కిందికి లాగుతుంది, తీగ విడిపోతుంది. పెద్దాయన సున్నా చేశారు. ఆ సున్నా కమాండ్ స్టేషన్ దాకా చేరలేదు. అది పాత ఆజ్ఞనే పంపుతూ పోయింది. ఆయన చేతిలోంచి తీసుకుని నేను లేచి నిలబడి పరీక్షించాను కదా, లోపాన్ని నా చేత్తో మాయం చేసి, లోపం లేదని చెప్పాను.

ఆ ప్లగ్గు బిగించింది ఎవరో కాదు. నేనే.

ఆ రాత్రే ఆయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను, క్షమించమన్నాను. ఆయన క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. "ఏ వైపు వంచితే తెగుతోంది?" అని అడిగారు. చెప్పాను. "పుస్తకంలో రాశావా?" అన్నారు. మా క్లబ్బులో అప్పటికి అట్లాంటి పుస్తకమే లేదు. మర్నాడు ఒకటి కొన్నాం. ఆ తర్వాత ఆయన ప్రతి శనివారం వచ్చేవారు కానీ నెల రోజులు థ్రాటిల్ ముట్టుకోలేదు. కేబుల్ దొరికినంత సులువుగా ఆ నెల రోజులు దొరకలేదు నాకు.

పుస్తకంలో రాశావా అని ఆయన అడిగినప్పుడు నాకు మా నాన్న వినిపించాడు. నాన్న డబ్ల్యూ.డి.ఎం.2 ఇంజన్లు నడిపేవాడు. ఆ థ్రాటిల్‌కి ఎనిమిది నాచ్‌లు. డ్యూటీ దిగాక ఇంట్లో చిన్న నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఒకరోజు నేను పక్కన కూర్చుని "ఇంజను బాగాలేదు అని రాస్తే సరిపోదా?" అని అడిగాను. "షెడ్డులో ఊరికే నిలబెడితే ఏమీ కనబడదు బిడ్డా. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడే కనబడుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఏ నాచ్‌లో, ఎంత లోడుతో అన్నది నేను రాయకపోతే వాళ్ళకెట్లా తెలుస్తుంది?" అన్నాడు. ఆ పుస్తకంలో పేజీల నిండా చోటు, వేళ, నాచ్, లోడు. మనుషుల పేర్లు ఉండేవి కావు. నేను అది చూస్తూ పెరిగాను, ఇంజనీరునయ్యాను, అవసరమైన రోజున మరిచిపోయాను. "సున్నా చేశాను, బండి వినలేదు" అన్నది ఫిర్యాదు కాదు, అది పరిశీలన. తొమ్మిది మెట్లలో మొదటి మెట్టు దగ్గరున్న మనిషి చూసింది చూసినట్టు చెప్పాడు. నేను మెట్లు వెతకలేదు, మనిషి వయసు చూశాను.

అందుకే ఈ రైలుతో పాటు ఒక నోటు పుస్తకం కూడా ల్యాబుకి ఇస్తున్నాను. గళ్ళు నేనే గీశాను. తేదీ, ఏ ఇంజను, ఏ చోటు, ఏ థ్రాటిల్, ఏ సాకెట్, నిలబడా కూర్చునా, లైటు విన్నదా, చివరగా ఏం మార్చాం, ఏం మారిస్తే పోయింది, తిరిగి పెడితే వచ్చిందా. ఎవరు నడిపారన్న గడి కూడా ఉంది. అది తప్పు పట్టడానికి కాదు, వెళ్ళి అడగడానికి. ఆ మనిషి చూసింది మనం చూడలేదు కాబట్టి.

మొదటి పేజీ ఉదయమే నిండింది. "మలుపు దగ్గర రెండు ఇంజన్లూ ఆగాయి, లైటు ఆరింది, కారణం కుంకుమ" అని రాసి ఉంది. రాసింది ఆ తొమ్మిదో తరగతి బాబే. సభ అయ్యాక భోజనాలకి ముందు మళ్ళీ అతనే రైలు నడుపుతాడు. దయచేసి అందరూ చుట్టూ నిలబడి చూడండి. ఆగితే ఎవరూ ఏమీ అనకండి, ముందు అతన్ని ఏం చూశావని అడగండి.